డస్టీగారికి ఉలవల విందు

పోయిన నెల ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో మా ఆవిడ మేనల్లుడి గృహప్రవేశానికి వెళ్ళాం. వ్రతం అయింది, భోజనాలకు కూర్చున్నాం. కొత్త కోడలు నా ప్లేటులో ఉలవచారు పోసి, పైన ఇంత మీగడ వేసింది. ఓ ముద్ద నోట్లో పెట్టానో లేదో, నాకు నవ్వు ముంచుకొచ్చి పొలమారింది. ముక్కులోంచి ఉలవచారు వచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ రోజు నలభై మంది చూశారు.

"అయ్యో అంకుల్, కారం ఎక్కువైందా?" అంది ఆ పిల్ల కంగారుగా.

"లేదమ్మా, అమృతంలా ఉంది. కాకపోతే, ముప్ఫై ఏళ్ళ కిందట మీ వీధి ఉన్నచోట ఓ గుర్రం ఉండేది. దానికి ఇవే ఉలవలు పెట్టి, దాని పరువూ నా పరువూ ఒకే పొద్దున గాలికి వదిలేశాను."

"మొదలెట్టారూ!" అంది మా ఆవిడ విజయ పక్క టేబుల్ నుంచి.

మొదలెట్టాక ఆపకూడదు కదా. గాలికి వదిలేశాననడం మాటవరసకు అన్నది కాదని మీకు ముందే చెబుతున్నాను. భోంచేస్తూ చదివేవాళ్ళు ఓ పదినిమిషాలు కంచం పక్కన పెట్టండి.

అది తొంభయ్యో, తొంభై ఒకటో. నేను వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తూ దగ్గర్లోనే అద్దె ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. మా పాప ఏడో నెలలోనే పుట్టేసింది. ఇంక్యుబేటర్‌లో పెట్టారు. తోడుగా రావలసిన మా అత్తగారికి వీసా రాలేదు. నాకు వంటంటే నీళ్ళు కాచడం వరకే వచ్చు, అవీ మాడ్చిన సందర్భాలున్నాయి. అప్పుడొచ్చింది సిస్టర్ జోన్. పిల్లల వార్డులో సీనియర్ నర్సు. అరవైకి దగ్గర పడిన మనిషి, ఆజానుబాహువు, మైకు అక్కర్లేని గొంతు. పాప ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ డ్యూటీ దిగగానే మా ఫ్లాట్‌కొచ్చి, గిన్నెడు సూపు బల్ల మీద పెట్టి, "ఈట్!" అని విజయను గదమాయించి వెళ్ళిపోయేది. థాంక్స్ చెబితే కసురుకునేది. ఆ సూపులో ఉప్పుండదు, కారముండదు. విజయ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తాగేది. ఆ కన్నీళ్ళు రుచి లేనందుకు కాదు, అంత దూరాన అమ్మలాంటి మనిషి ఒకరు దొరికినందుకు.

పాప ఇంటికొచ్చాక ఓ రోజు ఆవిణ్ణి వార్డు బయట పట్టుకున్నాను. "సిస్టర్, మీరు మాకింత చేశారు. మీకేం చేయమంటారో చెప్పండి, చేస్తాను," అన్నాను, చేతులు కట్టుకుని.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బరువెంత ఉంటావు రామ్?"

నా పేరు రమణమూర్తి. ఆవిడకు అందులో మొదటి ముక్కే నోరు తిరిగేది. "యాభై ఆరు కిలోలు," అన్నాను.

"గుర్రం ఎక్కుతావా?"

మొహమాటానికి పోతే గుర్రమెక్కించారట! నేను సైకిలెక్కడమే పదో తరగతిలో నేర్చుకున్నవాణ్ణి. అయినా కాదనడానికి నోరు రాలేదు. ఎక్కుతానన్నాను.

ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళతో కిటకిటలాడుతున్న ఎడ్మండ్‌సన్ పార్క్ ఆ రోజుల్లో వట్టి పచ్చిక బీళ్ళు. అందులో అయిదెకరాలు జోన్‌ది. ఆ అయిదెకరాలకు రారాజు డస్టీ. తేనెరంగు మగ గుర్రం, పంతొమ్మిదేళ్ళది. కొట్టం గోడకు వరసగా పదకొండు ఎర్ర రిబ్బన్లు వేలాడుతున్నాయి. ఎరుపంటే రెండో స్థానం, మొదటిదానికి నీలం. పదకొండుసార్లు పోటీ చేసి పదకొండుసార్లూ రెండోదిగానే మిగిలింది పాపం.

"నా మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక జీనెక్కలేను. వీడికీ ఇదే ఆఖరి ఏడాది. ముసలాడు బరువు మోయలేడు, నీలాంటి బక్కవాడైతే సరిపోతాడు. వీడు పోయేలోగా ఒక్క నీలం రిబ్బన్ చూడాలి రామ్, అంతే," అంది జోన్. ఆ గొంతు అంత మెత్తగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఆ రిబ్బన్ తెచ్చివ్వకపోతే నా పేరు రమణమూర్తే కాదని మనసులో ఒట్టేసుకున్నాను.

గుర్రాల పోటీ అంటే ఎవడు ముందొస్తే వాడే గొప్ప అని నాకు తెలిసిన శాస్త్రం. ఆవిడ నన్ను ఓ షోకి తీసుకెళ్ళి కళ్ళు తెరిపించింది. వెస్టర్న్ స్వారీ అంటే పశువుల్ని తోలేవాళ్ళ స్వారీ అట. పొద్దస్తమానం మందల వెంట తిరగాలి గనక జీను పడక్కుర్చీలా ఉంటుంది. తాడు చుట్టుకోవడానికి ముందు ఓ కొమ్ముంటుంది. కళ్ళెం ఒక్క చేత్తోనే, అదీ వదులుగా పట్టుకోవాలి. ఇక పోటీలు చూద్దామా, మూడు పీపాల చుట్టూ మెలికలు తిరిగి గడియారంతో పందెం వేసేది బ్యారెల్ రేసు. దూకుడుగా వచ్చి, వెనక కాళ్ళ మీద జర్రున జారి ఆగి, ఉన్నచోటే బొంగరంలా తిరిగేది రెయినింగ్. మందలోంచి ఒక్క పశువును విడదీసి, అది మళ్ళీ మందలో కలవకుండా అడ్డంపడేది కటింగ్. కర్రలు దాటి, వంతెనెక్కి, గుర్రం మీంచే గేటు తీసి మళ్ళీ వేసి రావడం ట్రయిల్. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను, నా ప్రాణం పీపాలకు పోతుందా పశువులకు పోతుందా అని.

"ఇందులో నాది ఏది సిస్టర్?"

"ఏదీ కాదు. నీది వాక్ అండ్ జాగ్. కొత్తవాళ్ళది. కాసేపు నడక, కాసేపు నడకకీ పరుగుకీ మధ్య మెత్తటి అడుగు."

"ఎవరు ముందొస్తే వాళ్ళకేనా నీలం?"

"ముందొస్తే ఓడిపోతావు. కళ్ళెం వదిలేసినా తొందరపడకుండా, తల దించుకుని, బుద్ధిగా నడిచే గుర్రానికి బహుమతి. నువ్వు సోఫాలో కూర్చున్నట్టు కనపడాలి."

నా ఆనందం ఏమని చెప్పను! నెమ్మదిగా పోతే బహుమతిస్తారట! ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పట్నుంచీ మా మాస్టర్లు చావబాదితే, ఇక్కడ ఆలస్యమే అమృతం. మా తాలూకా ఆఫీసు ఫైళ్ళకి జీను కట్టి ఈ దేశానికి తోలుకొస్తే రిబ్బన్లన్నీ మనవే అనుకున్నాను.

ఆరు నెలలు ప్రతి శనివారం నేర్చుకున్నాను. నిజానికి నేర్పింది డస్టీయే. నేను పక్కకి జారుతుంటే అది ఆ పక్కకే ఓ అడుగేసి నా కిందికొచ్చేది. జోన్ కంచె మీద కూర్చుని, "కొమ్ము వదులు! అది నీ అమ్మమ్మ చెయ్యి కాదు!" అని అరిచేది. తిట్లు నాకు, క్యారెట్లు దానికి. ఆరో నెలకల్లా నేను కొమ్ము పట్టుకోకుండా, కళ్ళు మూసుకోకుండా కూర్చునే స్థితికొచ్చాను. "ఈసారి వస్తుంది," అంది జోన్ ఓ రోజు, గోడకున్న ఎర్ర రిబ్బన్ల వైపు చూస్తూ.

షో ఆదివారం అనగా, బుధవారం నాడు ఆవిడ చెల్లెల్ని చూడ్డానికి గోల్‌బర్న్ వెళ్ళవలసి వచ్చింది. డస్టీని నాకప్పగించి, కాయితం రాసిచ్చింది. "పొద్దున గడ్డి. సాయంత్రం గడ్డి. నీళ్ళు. ఇంకేమీ వద్దు." ఇంకేమీ వద్దు కింద రెండు గీతలు.

ఆ సాయంత్రం డస్టీ ఎండుగడ్డి నములుతుంటే చూసి నా గుండె తరుక్కుపోయింది. పోటీకి వెళ్ళే గుర్రానికి వట్టి గడ్డా? మా తెనాలిలో జట్కా తోలే మస్తాన్ తను గంజి తాగినా సరే, గుర్రానికి మాత్రం ఉడకేసిన ఉలవలు పెట్టేవాడు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. ఇక్కడ రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్న గుర్రానికి దాణా గతిలేదు. పాపం, ఈ దేశంలో ఎవరికీ తెలిసుండదు అనుకున్నాను. తెలిసినవాణ్ణి నేనున్నాను కదా!

ఇంటికొచ్చి చెబితే విజయ పాపను భుజాన వేసుకుని నా ముందు నిలబడింది. "ఏవండీ, ఆవిడ క్లియర్‌గా రాసిచ్చింది కదా, ఇంకేం పెట్టొద్దని. కొరివితో తల గోక్కోవడం ఎందుకండీ?"

"అవసరం లేదని రాసింది, తప్పని రాయలేదుగా!"

"రెండు లైన్లు కొట్టింది చూడండి."

"నలభై రోజులు మనింటికి సూపు మోసింది విజయా. ఆవిడింట్లో ఓ ప్రాణికి మనం నాలుగు ముద్దలు పెట్టలేమా?"

విజయ పాపను రెండో భుజానికి మార్చుకుని లోపలికెళ్ళింది. తను లోపలికెళ్ళినంత మాత్రాన నాది ఒప్పయిపోదని నాకప్పుడు తట్టలేదు.

ఇప్పుడు మనవాళ్ళ కొట్లతో నిండిన హారిస్ పార్క్ అప్పటికి అంత సందడిగా లేదు. మన సరుకులు అమ్మే చిన్న కొట్టు ఒకటుండేది. అయిదు కిలోల ఉలవల ప్యాకెట్ తీసుకుంటే కొట్టాయన, "ఇంట్లో ఫంక్షనా?" అన్నాడు. "కాదు, గుర్రానికి," అన్నాను. ఆయన నవ్వి ప్యాకెట్ తిప్పి చూపించాడు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో హార్స్ గ్రామ్ అని ఉంది. ఇంకేం కావాలండీ? ఇంగ్లీషువాళ్ళే ఒప్పుకుని అచ్చేసిన మాట!

నానబెట్టి, ఉడికించి, కాస్త బెల్లం కలిపి గురువారం పొద్దున చిన్న గిన్నెడు పెట్టాను. డస్టీ వాసన చూసింది. నావైపు చూసింది. తర్వాత గిన్నె అడుగు కనిపించేదాకా తల ఎత్తలేదు. అయిపోయాక నా జేబు ముక్కుతో పొడిచింది. మనం వద్దన్నవాళ్ళకే ఇంకో గరిటె వేసే జాతి. అడిగినవాళ్ళకి ఆపుతామా? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, శుక్రవారానికి అది అడక్కుండానే పెడుతున్నాను. గిన్నె పోయి తపేలా వచ్చింది. శనివారం సాయంత్రం ఏకంగా బకెట్. "తిను నాన్నా, రేపు నీ పెళ్ళి," అన్నాను, మెడ నిమురుతూ.

ఆదివారం పొద్దున జోన్ వచ్చి గుర్రాన్ని చూసి నిలబడిపోయింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. పంతొమ్మిదేళ్ళ ముసలాడు ఉన్నచోట ఉండకుండా గిట్టలతో నేల తవ్వుతున్నాడు.

"వీడికేమైంది?"

"పోటీ అని తెలిసిందేమో సిస్టర్," అన్నాను. లోపల మాత్రం మస్తాన్‌కి దణ్ణం పెట్టుకుంటున్నాను.

షో మైదానానికి విజయ, పాప, మా కింది ఫ్లాట్‌లో ఉండే డేవిడ్ అంకుల్ పులిహోర డబ్బాతో సహా వచ్చారు. డేవిడ్ అంకుల్‌ది ఒంగోలు. రిటైరై కొడుకు దగ్గరికొచ్చిన పెద్దమనిషి. "ప్రార్థన చేసొచ్చాను అబ్బాయ్. ప్రభువు దయవల్ల నువ్వే ఫస్టు. అందర్నీ దాటేయ్!" అన్నారు. ఇక్కడ దాటకూడదు అంకుల్ అని చెప్పేలోపే నన్ను పిలిచారు. వీపున ఇరవై మూడో నంబరు, నెత్తిన అరువు టోపీ, లోపలికెళ్ళాను.

ఎనిమిది గుర్రాలం. మధ్యలో జడ్జి. "వాక్," అన్నారు మైకులో. డస్టీ నడిచింది. ఆహా, ఏం నడక! జడ్జి మమ్మల్ని చూసి తలూపి ఏదో రాసుకున్నాడు. కంచె దగ్గర జోన్ రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. నీలం రిబ్బన్ నా కళ్ళలో మెరిసింది.

"జాగ్," అన్నారు.

డస్టీ మెత్తగా అడుగు కదిపింది. కదిపీ కదపగానే వెనకనుంచి ధడేల్మని ఓ మోత. దీపావళికి లక్ష్మీబాంబు పేలినట్టు. నేను ఉలిక్కిపడ్డాను. నాకన్నా ఎక్కువ డస్టీ ఉలిక్కిపడింది, తనను ఎవరో వెనకనుంచి కాల్చారనుకుని. బెదిరి ముందుకు దూకింది. దూకిన ఊపుకి ఇంకో మోత. ఆ మోతకు ఇంకాస్త వేగం. ఆ వేగానికి మళ్ళీ మోత. మూడు రోజుల ఉలవలు లోపల సభ పెట్టుకుని ఒక్కొక్కటే ఉపన్యాసం మొదలెట్టాయి.

"ఓవ్, డస్టీ, నిదానం, నిదానమే ప్రధానం రా నాయనా!" అంటున్నాను. ఒక గుర్రాన్ని దాటాం. ఇంకోదాన్ని దాటాం. టోపీ ఎగిరిపోయింది. రెండు చేతులా కొమ్ము కావలించుకున్నాను, నిజంగా అమ్మమ్మ చెయ్యిలాగే.

"శభాష్! మనోడే ఫస్టు!" కంచె దగ్గర డేవిడ్ అంకుల్ గంతులేస్తున్నారు. "దేవుడికి స్తోత్రం! ఏడుగుర్నీ దాటేశాడు! రెండో చుట్టు కూడా కొట్టేస్తున్నాడు!"

"అరవకండి అంకుల్, దాటితే ఓడినట్టు!" విజయ గొంతు.

"ఓడడమేంటమ్మా, అందరికన్నా ముందున్నాడు కళ్ళకి కనపడట్లా!"

జడ్జి కాయితం మడిచి చంకలో పెట్టుకున్నాడు. మైకులో పిలిచే ఆయన, "నంబర్ ఇరవై మూడు, దయచేసి..." అని మొదలుపెట్టి నవ్వాపుకోలేక మైకు కట్టేశాడు. నాలుగో చుట్టులో డస్టీకి జోన్ కనపడింది. పిల్లవాడు తల్లి దగ్గరికి పరుగెత్తినట్టు సరాసరి ఆవిడ ముందుకెళ్ళి టక్కున ఆగింది. గుర్రం ఆగింది గానీ నేనాగలేదు. మెడ మీదుగా జారి ఆవిడ బూట్ల దగ్గర సాష్టాంగ నమస్కారం చేశాను.

ఆవిడ నన్ను చూడలేదు. డస్టీ డొక్కకు చెవి ఆనించి వింది. మొహం పాలిపోయింది. "ఏం తిన్నాడు వీడు?"

"గడ్డి, సిస్టర్."

డస్టీ సత్యహరిశ్చంద్రుడి వంశం. సరిగ్గా అప్పుడే తోకెత్తి నా ముందే సాక్ష్యం పడేసింది. అందులో ఉలవలు ఉలవల్లాగే మిలమిలలాడుతున్నాయి.

"ఈ గడ్డికి గింజలెక్కడివి రామ్?"

చెప్పేశాను. గిన్నె, తపేలా, బకెట్, బెల్లం, అన్నీ. ఆవిడ గొంతు మైకును మించిపోయింది. "అలవాటు లేని గింజ అంత పెడితే కడుపు మెలిపడి చస్తాయి గుర్రాలు! చంపేసేవాడివి వీణ్ణి! తెలుసా నీకు?"

తెలియదు. నిజంగా తెలియదు. నవ్వులాట అంతా ఒక్క క్షణంలో దిగిపోయింది. రిబ్బన్ సంగతి దేవుడెరుగు, ఆ గుర్రానికి ఏమైనా అయితే ఈవిడ మొహం మళ్ళీ ఎలా చూడాలి అనిపించింది. షోలో ఉన్న పశువుల డాక్టరు వచ్చి చాలాసేపు పరీక్షించి, "గాలి బయటికి పోతోంది కాబట్టి బతికిపోయాడు. గంటసేపు నడిపించండి," అన్నాడు.

జోన్ పగ్గం పట్టుకుని, అరిగిన మోకాళ్ళతో కుంటుకుంటూ నడవడం మొదలెట్టింది. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. పది అడుగుల దూరంలో నేరస్థుడిలా వెంట నడిచాను. డస్టీ మాత్రం మధ్య మధ్య ధడేల్మంటూ డాక్టరు మాట నిలబెడుతోంది. మూడో చుట్టులో ఆవిడ ఆగింది.

"ఆకలేస్తోందని వాడు చెప్పాడా నీకు?"

"లేదు."

"మరెందుకు పెట్టావు?"

"మీరు నలభై రోజులు మా ఇంటికి సూపు తెచ్చారు. థాంక్స్ కూడా చెప్పనివ్వలేదు. మీ ఇంట్లో నాకు పెట్టడానికి దొరికింది వీడొక్కడే," అన్నాను.

ఆవిడ పగ్గం నా చేతిలో పెట్టింది. "పట్టుకో, గలా!" అంది. గలా అంటే ఇక్కడి ఓ గులాబీరంగు చిలక. తెలివి తక్కువ పిట్టని పేరు. ఆవిడ ముద్దుగా తిట్టే తిట్టు అదొక్కటే. సరిగ్గా అప్పుడు డస్టీ ఇంకోసారి పేలింది. జోన్ పెదవులు బిగించింది, బిగించింది, ఇక ఆగలేక కంచె పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నాలుగు చుట్లు రామ్! వాడి జన్మలో ఎప్పుడూ అంత పరుగు పెట్టలేదు!"

నీలం రిబ్బన్ రాలేదు. ఎరుపు కూడా రాలేదు. ఎనిమిదింటిలో ఎనిమిదోవాళ్ళం. నా వీపున ఉన్న ఇరవై మూడో నంబరు కాయితాన్ని ఆవిడ పదకొండు ఎర్ర రిబ్బన్ల పక్కన మేకు కొట్టి తగిలించింది. డస్టీ మరో ఆరేళ్ళు ఆ బీట్లో హాయిగా గడ్డి తిని బతికింది. ప్రతి శనివారం ఆ గడ్డి వేసింది నేనే, వట్టి గడ్డి. ఇల్లు అమ్మేటప్పుడు జోన్ ఆ కాయితం నాకిచ్చింది. ఇప్పుడది మా హాల్లో ఉంది. చుట్టాలు లేని ఊళ్ళో మాకు చుట్టమైన మనిషి ఆవిడ. తన ఆఖరి కోరిక పాడుచేసినవాణ్ణి మందలించి, మర్నాడు మళ్ళీ "పాప ఎలా ఉంది?" అని అడిగిన మనిషి. ఆవిడ రుణం నేను తీర్చలేదు, తీర్చలేను.

అసలు సంగతి మర్చిపోయాను. ప్యాకెట్లో ఇంకో కిలో ఉలవలు మిగిలాయి. తర్వాతి ఆదివారం జోన్ మా ఇంటికొచ్చి, "వాడలా పరుగెత్తేంత రుచి ఏముందో నేనూ చూడాలి," అంది. విజయ ఉలవచారు కాచి మీగడ వేసి పెట్టింది. జోన్ ఓ చెంచా నోట్లో పెట్టుకుని నావైపు చూసింది, అచ్చం డస్టీ చూసినట్టు. గిన్నె అడుగు కనిపించేదాకా తల ఎత్తలేదు. మూడు గిన్నెలు తాగింది.

సోమవారం పొద్దున ఆసుపత్రి వరండాలో ఆవిడ ముందు వెళుతోంది, నేను ఫైళ్ళతో వెనక నడుస్తున్నాను. ఉన్నట్టుండి ఆగి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డంపెట్టింది.

"రామ్, ఇవాళ నువ్వు నా ముందు నడువు."

అందుకని, నలభై మంది బంధువుల ఎదట, చేతిలో ఉలవచారు గ్లాసు పట్టుకుని ప్రమాణం చేశాను, మీ ఎదటా చేస్తున్నాను. పెద్దలు రెండు గీతలు కొట్టిన కాయితాన్ని ఈ జన్మలో మళ్ళీ ధిక్కరించను. నాలుగు కాళ్ళవాళ్ళకి ఉలవలు పెట్టను. ఇక రెండు కాళ్ళవాళ్ళు, వద్దన్నా పెడతాను గానీ, మర్నాడు మాత్రం వాళ్ళకి ముందే నడుస్తాను.